'అన్‌నోన్ ఆర్టిస్ట్' అంటే మా అమ్మ

పాటలు వినే ప్రోగ్రాం మార్చుకోవడం గురించి ఆడవాళ్ళకు చెప్పేదేముంది, అది పిల్లలు చూసుకునే పని కదా అంటారేమో. వంటింట్లో డబ్బాలు మార్చినప్పుడు ఏది దేంట్లో పోశామో గుర్తుండేది ఎవరికి? మనకే కదా. ఇదీ అట్లాంటి పనే. పైగా ఈ పని మనం పట్టించుకోకపోతే ముందుగా పోయేవి ఆడవాళ్ళ పాటలే అని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో కంప్యూటర్‌లో పన్నెండేళ్ళుగా పోగైన పాటలున్నాయి, నాలుగు వేల పైచిలుకు. సినిమా పాటలు సరేసరి. ఒకప్పుడు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర షాపుల్లో మెమరీ కార్డు ఇస్తే నింపి ఇచ్చినవి కొన్ని, సీడీల నుంచి ఎక్కించినవి కొన్ని. మా మామయ్య ఏరికోరి పోగేసిన ఒగ్గు కథలున్నాయి. హన్మాజీపేట మిద్దె రాములు గారి కథ మొదలైందంటే మా ఇంట్లో టీవీ బంద్. వీటన్నిటి అడుగున ఒక ఫోల్డర్. అందులో ఆదిలాబాద్ దగ్గర మా తల్లిగారింట్లో టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన పాటలు. బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, అప్పగింతల పాటలు. పాడింది అమ్మ, పెద్దమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, పక్కింటి అవ్వ. మహారాష్ట్ర పక్కనే కాబట్టి ఆ అవ్వ మధ్యమధ్యలో మరాఠీ విసుర్రాయి పాట కూడా అందుకునేది.

ఇన్నాళ్ళూ వాడిన ప్రోగ్రాం కొత్త ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడవట్లేదు. మార్చక తప్పలేదు. మా పెద్దోడు ఒక్క మాటలో తేల్చేశాడు. "గివన్ని ఎందుకే అమ్మా, నెలకింత కడితే ఫోన్ల కోట్ల పాటలు." మా వదినదీ అదే మాట. "యూట్యూబ్‌ల దొరకని బతుకమ్మ పాట ఉంటదా?"

ఉంటది వదినా. యూట్యూబ్‌లో ఏటా వచ్చే కొత్త పాటలు బాగుంటాయి, కాదనను. సద్దుల బతుకమ్మ నాడు మేమూ వాటికే ఆడుతాం. కానీ ఒకే పాటను కరీంనగర్ దిక్కు ఒక తీరుగా, ఆదిలాబాద్ దిక్కు ఒక తీరుగా పాడతారు. పెండ్లయి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ వాళ్ళ వరుసకు నా గొంతు కలవక, ఆ ఏడు తొమ్మిది రోజులూ చప్పట్లు మాత్రమే కొట్టాను. మా తల్లిగారి ఊరి వరుస ఏ కంపెనీ దగ్గరా లేదు. ఉన్నది ఆ ఫోల్డర్‌లోనే.

నెలనెలా డబ్బు కట్టి పాటలు వినడం తప్పనడం లేదు. అది కిరాయి ఇల్లు, అంతే. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండొచ్చు. ఖాళీ చెయ్యమన్న రోజున చెయ్యాలి. గూగుల్ ప్లే మ్యూజిక్ గుర్తుందా? జనం సొంత పాటలు కూడా యాభై వేల దాకా అందులో దాచుకునేవాళ్ళు. 2020 చివరికి మూసేశారు. యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోండని గడువిచ్చి, 2021 ఫిబ్రవరి 24 తర్వాత మార్చుకోనివాళ్ళవి తుడిచేశారు. ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ మ్యూజిక్ 2014లో వచ్చింది, పదేళ్ళకే మూతపడింది. ఇప్పుడు విన్యాంప్ సంగతి చూడండి. 1997లో పుట్టింది, 1999లో ఏఓఎల్ చేతికి పోయింది, 2013 నవంబరులో ఇక ఆపేస్తున్నామని ప్రకటించారు. తర్వాత వేరేవాళ్ళు కొనడంతో బతికింది. ఆ ప్రకటనకు విన్యాంప్ వాడేవాళ్ళ పాట ఒక్కటి కూడా పోలేదు. ఎందుకంటే పాటలు వాళ్ళ కంప్యూటర్లలోనే ఉన్నాయి.

అందుకే ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్‌బీ, ఫోన్లో వీఎల్‌సీ పెట్టుకున్నాను. రెండూ ఉచితమే. వీఎల్‌సీకి మూలం 1996లో ప్యారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఆ నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ కూడా వాళ్ళ అల్లరి గుర్తేనట. పాత ఫోన్లలో రికార్డు చేసిన ఏఎంఆర్ ఫైళ్ళు సహా ఏది ఇచ్చినా పాడుతుంది, మొహమాటం లేదు. పాటలను సర్దుకోవడానికి, పేర్లు రాసుకోవడానికి మాత్రం మ్యూజిక్‌బీయే సుఖం.

ఈ పేర్లు రాయడం దగ్గరే ఉంది అసలు కథ. పచ్చడి జాడీకి అంటించే చీటీ లాంటిది ఎంపీ3 ఫైల్ లోపలే ఒకటి ఉంటుంది. ఐడీ3 ట్యాగ్ అంటారు. పాట పేరు, పాడినవాళ్ళు, ఆల్బమ్, ఏడాది అందులో రాసి ఉంటాయి. 1996లో మొదలైనప్పుడు ఆ చీటీ మొత్తం 128 బైట్లే. పాట పేరుకు 30 అక్షరాలు, అదీ ఇంగ్లీషు లెక్కలో. తర్వాత వచ్చిన రెండో రకం చీటీలో తెలుగు నిక్షేపంగా రాసుకోవచ్చు. పాటను ఎక్కడికి తీసుకెళ్ళినా చీటీ దాంతోపాటే వస్తుంది. కానీ మనం ఇచ్చుకున్న స్టార్లు, ఏ పాట ఎన్నిసార్లు విన్నామన్న లెక్క, ప్లేలిస్టులు మాత్రం చాలా ప్రోగ్రాములు తమ సొంత పుస్తకంలో రాసుకుంటాయి. మనం వెళ్ళిపోతే ఆ పుస్తకం అక్కడే ఉండిపోతుంది. మా ఆయన కారులో వినే ప్లేలిస్టును ఎం3యూ8 ఫైల్‌గా బయటికి తీశాను. చివర 8 లేని ఎం3యూ అయితే తెలుగు పేర్లున్న ఫైళ్ళు దొరక్కుండా పోయే ప్రమాదముంది. ఆ ఫైల్‌లో పాటలుండవు, పాటలెక్కడున్నాయో చిరునామాలు ఉంటాయి. కాబట్టి ఫోల్డర్లు కదపకండి.

సరే, అన్నీ ఎక్కించి చూశాను. సుశీల గారు, జానకి గారు, బాలు గారు ఎవరి పేరు కింద వాళ్ళ పాటలు చక్కగా సర్దుకున్నాయి. అమ్మావాళ్ళ పాటలన్నీ మూటగట్టినట్టు ఒకే పేరు కింద పడ్డాయి. 'అన్‌నోన్ ఆర్టిస్ట్'. ట్రాక్ 01, ట్రాక్ 02, అట్లా ముప్పై దాకా.

కోపం వచ్చింది. ప్రోగ్రాంకు ఏం తెలుసు, చీటీ ఖాళీగా ఉంటే అదే అంటుంది. మనుషులం మనమూ అంతే కదా. ఆడవాళ్ళ పాట అనగానే "జానపదం" అనేసి ఊరుకుంటాం, పాడినామె పేరు అడగం. మా పెద్దమ్మ పాడితే వాడకట్టంతా ఆగి వినేది. ఆమె 'అన్‌నోన్' ఎట్లా అవుతుంది?

మధ్యాహ్నం పనులయ్యాక రోజుకు రెండో మూడో పాటలు ముందేసుకున్నాను. ఆర్టిస్ట్ అన్న చోట పాడినామె పేరు. ఆల్బమ్ అన్న చోట ఊరు, సందర్భం. కామెంట్ అన్న చోట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఆమె తల్లిగారి ఊరేదో. అనుమానం వస్తే అమ్మకు ఫోన్ చేసి పాట వినిపించడం.

"అది నేను కాదు బిడ్డా, మీ చిన్నమ్మ. ఎనక దగ్గుతున్నది చూడు, అది నేను."

దగ్గు సంగతి కూడా కామెంట్‌లో రాశాను. మా పెద్దోడు చూసి నవ్వాడు. "ఎవరు చదువుతరే ఇవన్ని?" నువ్వే చదువుతవ్ రా అన్నాను, రేపు నీ బిడ్డ అడిగితే.

మీ ఇంట్లో కేసెట్లుంటే ఇంకా పాడవకముందే ఎక్కించుకోండి. టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. తొంభై నిమిషాల కేసెట్‌కు తొంభై నిమిషాలూ పడుతుంది, పక్కన కూరగాయలు తరుక్కోండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే కేసెట్‌కు సుమారు 85 ఎంబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు వందలకు పైగా కేసెట్లు పడతాయి. నేను రెండు పెన్‌డ్రైవ్‌లు చేశాను, ఒకటి ఇక్కడ, ఒకటి తల్లిగారింట్లో. ఇక ప్లేయర్ అంటారా, రేపు మ్యూజిక్‌బీ ఆగిపోయినా నాకు బెంగ లేదు. కొత్తది పెట్టుకునే ముందు రెండే చూస్తాను. పేర్లు ఫైల్ లోపలే రాస్తుందా, ప్లేలిస్టు బయటికి ఇస్తుందా. మిగతా సోకులు ఎన్నున్నా ఆ రెండూ లేకపోతే నాకొద్దు.

ఇంకా మూడు గొంతులు తేలలేదు. అమ్మకూ గుర్తు రావడం లేదు, పెద్దమ్మకే తెలియాలంటుంది. పెద్దమ్మకు ఎనభై మూడు, ఈ మధ్య మనుషుల పేర్లు కలగలిపేస్తోంది. దసరాకు అందరం కలుస్తాం కదా, అప్పుడు అడుగుదాం అన్నది అమ్మ. నేను ఆగను. వచ్చే ఆదివారమే ఫోన్లో ఆ మూడు పాటలు వేసుకుని ఆదిలాబాద్ బస్సెక్కుతున్నాను.