మూలుగలోని మూలుగు

ఎముక లోపలి మెత్తని పదార్థాన్ని మూలుగ అంటాం. బాధతో తీసే సన్నని శబ్దాన్ని మూలుగు అంటాం. కీమోథెరపీ చేయించుకున్నవారి విషయంలో ఈ రెండు మాటలూ ఒకేచోట కలుస్తాయి.

కీమో మందు కాన్సరు కణాలతో పాటు మూలుగనూ దెబ్బతీస్తుంది. తెల్లకణాలు తగ్గిపోయి చిన్న ఇన్‌ఫెక్షను సైతం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ కణాలను పెంచడానికే ఫిల్‌గ్రాస్టిమ్ సూదిమందు. 1991లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును 2001లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ గ్రాఫీల్ పేరిట మన దేశంలో విడుదల చేసింది. సూది వేసిన ఒకటి రెండు రోజులకు మూలుగ ఉద్ధృతంగా కణాలను తయారుచేయసాగుతుంది. దానితో నడుము, తుంటి, రొమ్ము ఎముక, తొడలు సలుపుతాయి. చాలామందికి ఆ బాధ కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది.

ఈ నొప్పికి మొదటి మందు ముందుగా చెప్పే మాట అని నా అభిప్రాయం.

మా కోసిగి ప్రాంతాన్నే తీసుకోండి. వానలు ముఖం చాటేస్తే ఇళ్ళకు తాళాలు వేసి సుగ్గికని గుంటూరు మిరపచేలకు తరలిపోయే పల్లెలివి. కర్నూలులో కీమో చేయించుకుని ఇల్లు చేరిన మనిషికి రెండోనాటి రాత్రి ఎముకలు సలిపితే ఏమని తోస్తుంది? "రోగం ఎముకలకు దిగింది" అనే కదా! మూలిగే నక్కపై తాటిపండు పడ్డట్టే. ఆ బెంగతో తరువాతి కీమోకు వెళ్ళడమే మానుకోవచ్చు. లేదా ఊళ్ళోని ఆరెంపీ చేత నొప్పి సూది వేయించుకోవచ్చు. రెండూ ప్రమాదమే. నొప్పి మందు జ్వరాన్ని కూడా దించుతుంది. తెల్లకణాలు పడిపోయిన మనిషిలో ఇన్‌ఫెక్షనుకు జ్వరమొక్కటే ఆనవాలు కావచ్చు. కనుక మాత్ర మింగేముందు థర్మామీటరు పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు గాని, అంతకు మించి గాని ఉంటే తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి బయలుదేరాలి.

ఇక ఉపశమనం మాట. సాధారణంగా మొదట ఇచ్చేది పారాసిటమాల్. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 510 మందిని పరిశీలించగా, నాప్రాక్సెన్ వాడినవారిలో తీవ్రమైన నొప్పి 27 శాతం నుండి 19 శాతానికి తగ్గింది. అయితే మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికీ, ప్లేట్‌లెట్లు తగ్గినవారికీ అది తగదు. వైద్యుణ్ణి అడగకుండా వేసుకోరాదు. అలర్జీకి వాడే లోరాటడిన్‌ను కూడా కొందరు వైద్యులు సూచిస్తారు. ఎడమ డొక్క పైభాగంలోనో, ఎడమ భుజంలోనో హఠాత్తుగా నొప్పి వస్తే మాత్రం అది వేరే సంగతి. ప్లీహానికి అపాయం కావచ్చు. అది అరుదే అయినా ఉపేక్షించరాదు.

ఇవన్నీ కాగితం మీద ముద్రించి చేతిలో పెడితే చాలదు. అక్షరాస్యత తక్కువైన మా వైపు కాగితం సంచిలోనే ఉండిపోతుంది. సూది వేసే నర్సు "రేపో మాపో ఎముకలు నొస్తాయమ్మా, మందు పనిచేస్తున్నందువల్లే, రోగం పెరిగి కాదు" అని వాళ్ళ యాసలోనే చెప్పి, తిరిగి వాళ్ళ నోట చెప్పించాలి. ఇందుకు పట్టేది రెండు నిమిషాలు, ఖర్చు శూన్యం.

వైద్యవృత్తిలో ఉన్న బ్లాగ్మిత్రులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.