కాలు విరిగితే ఇంట్లో ఎవరు వండుతారు?

స్కీబోర్డు అంటే ఏమిటో కిందటి డిసెంబరు దాకా నాకు తెలీదు. మీలో కూడా చాలామందికి తెలిసి ఉండదు. అందుకని ముందు ఆ వస్తువేంటో చెప్పేసి, తర్వాత దాని మీద మా ఇంట్లో జరిగిన వాదన దగ్గరికి వస్తాను.

మంచు మీద జారే స్కీలు సినిమాల్లో చూసే ఉంటారు. ఇంచుమించు మనిషంత పొడుగు పలకలు రెండు, చేతుల్లో రెండు కర్రలు. స్నోబోర్డు అంటే రెండు పాదాలూ ఒకే పలకకి బిగించుకుని పక్కకి తిరిగి నిలబడేది. స్కీబోర్డు ఈ రెండింటికీ మధ్య పుట్టింది. పాదానికొక పలక, ఒక్కోటి మీటరుకి కాస్త అటూ ఇటూ. ముందు కొసా వెనక కొసా రెండూ పైకి తిరిగి ఉంటాయి. చేతిలో కర్రలుండవు. 1990ల చివర్లో సాలొమన్ కంపెనీ స్నోబ్లేడ్ పేరుతో అమ్మినప్పుడు కుర్రకారు ఎగబడ్డారట. ఎక్స్ గేమ్స్ పోటీల్లో కూడా 1998 నుంచి కొన్నేళ్ళు పెట్టారు. ఆ తర్వాత మోజు తగ్గింది. ఇప్పుడు పొడుగు స్కీలవాళ్ళు వీటిని ఆటబొమ్మల్లా చూస్తారు.

మా ఆడపడుచు డెన్వర్లో ఉంటుంది. ముప్పై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. అక్కణ్ణుంచి ఐ-70 రోడ్డు పట్టుకుని పడమటికి గంటన్నరో రెండు గంటలో వెళితే కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్ లాంటి మంచు కొండలొస్తాయి. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది. మన కోటప్పకొండ పదహారు వందల అడుగులకి కొంచెం తక్కువ. అలాంటివి ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ ఊరి నేల. కొండ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

మనం పిల్లల్ని ఎండాకాలం ఈతకి పంపినట్టు అక్కడివాళ్ళు చలికాలం స్కీయింగ్‌కి తీసుకెళతారు. తల్లులు చాలామంది కింద హోటల్లో కాఫీ కప్పు పట్టుకుని కోట్లకీ బ్యాగులకీ కాపలా కూర్చుంటారు. మా ఆడపడుచు నాలుగేళ్ళు అట్లా కాపలా కూర్చుంది. అయిదో ఏడు కూర్చోనంది. పొడుగు స్కీలంటే భయమేసి, పొట్టివి అయితే తిప్పడం తేలికని ఎవరో చెబితే స్కీబోర్డులు అద్దెకి తెచ్చుకుంది.

మొదట పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద, తర్వాత కొడుకు వెనకాల పార్కులో. పార్కంటే మన మునిసిపాలిటీ పార్కు కాదు. కొండ మీద కొంత జాగా వేరు చేసి, మిషన్లతో మంచుని కొలత ప్రకారం గుట్టలుగా పోసి, దూకడానికీ ఎక్కి జారడానికీ ఇనుప కడ్డీలు, పెట్టెలు పాతి పెడతారు. దాన్ని టెరైన్ పార్కంటారు. స్కీబోర్డులు ఎక్కువగా అక్కడి విన్యాసాలకే పేరుపడ్డాయి. ఒక సీజనంతా అందులో చిన్న చిన్న గుట్టలు దాటి, ఈ డిసెంబరులో ఫోన్ చేసి చెప్పింది. "వదినా, ఇంక పార్కు చాలు. ఈ ఏడు కొండంతా తిరగడం నేర్చుకుంటా."

ఫోన్ స్పీకర్లో ఉంది. అత్తయ్య చిక్కుడుకాయలు గిల్లుతోంది. తలెత్తకుండా అడిగింది, "కాలు విరిగితే ఇంట్లో ఎవరు వండుతారే?"

అక్కణ్ణుంచి అరగంట. మా ఆయన కూడా ఒక చెయ్యి వేశారు. ఈ వయసులో ఎందుకు, చక్కగా ఆ పార్కులోనే ఆడుకోవచ్చుగా, పిల్లలున్న తల్లివి అని. ఆమె "సరేలే" అని పెట్టేసింది. ఆ "సరేలే" ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా మాట చెబుతాను. అత్తయ్య అడిగింది తప్పు ప్రశ్నని నేననను. కాలు విరిగితే ఆ ఇంట్లో నిజంగానే పొయ్యి వెలగదు. అయితే ఆ ప్రశ్న వెళ్ళాల్సింది ఆమె భర్తకి. ఆయన రెండేళ్ళ క్రితం షటిల్ ఆడుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు కట్టు. అప్పుడు ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఫోన్లన్నీ "నొప్పి ఎట్టా ఉంది బాబూ" అనే. చెయ్యి విరిగితే ఇల్లెట్టా గడుస్తుందని ఒక్కరం అడగలేదు, ఎందుకంటే గడిచింది. ఒకరి ఎముక విరిగితే పరామర్శ, ఇంకొకరి ఎముక విరక్కముందే సంజాయిషీ. ఒక ఇల్లు మొత్తం ఒకే మనిషి రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటే ఆ కాళ్ళని దాచిపెట్టుకోవాలా, ఇంట్లో మిగతా కాళ్ళని కాస్త వంటింటి వైపు నడిపించాలా?

ఇదంతా అమెరికా వాళ్ళ సరదా, మనకెందుకు అంటారేమో. మన వీధిలోకి రండి. ఇంట్లోవాళ్ళు నేర్పిస్తే కాలేజీ గ్రౌండులో స్కూటీ నేర్చుకున్న ఆడవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. గ్రౌండులో ఎనిమిది అంకె కూడా వేస్తారు. రోడ్డెక్కరు. మల్లమ్మ సెంటర్ దాకా కూడా వెళ్ళరు. ఆటోలు అడ్డమొస్తాయి, గేదెలొస్తాయి, లారీలు హారన్ కొడతాయి, "నేను దింపుతాగా" అని ఇంట్లో ఒకరంటారు. లైసెన్సు బీరువాలో చీరల కింద ఉంటుంది. గ్రౌండు చదునుగా ఉంటుంది, ఖాళీగా ఉంటుంది, నిన్నటిలాగే ఇవాళా ఉంటుంది. బజారు అట్లా ఉండదు. బండి నేర్చుకుంది బజారుకి వెళ్ళడానికే కదా.

మా ఆడపడుచు పార్కు వదలడానికి చెప్పిన కారణమూ అదే. పార్కులో గుట్ట ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో ముందే తెలుసు, కట్టినవాళ్ళు కొలిచి కట్టారు. కొండ మీద ఒకే వాలు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది.

ఇక్కడ నాకు ఒక తమాషా తోచింది. తెలుగు బీఏ చదివిన దాన్ని, మాటలు లెక్కపెట్టే అలవాటు పోదు. ఎత్తుపల్లాలకి మన దగ్గర ఎన్ని మాటలో చూడండి. వాలు, ఏటవాలు, మిట్ట, పల్లం, గట్టు, తిప్ప, దిబ్బ, గుట్ట, కొండ. మంచుకి మాత్రం ఒక్కటే మాట. ఆకు మీద బిందువూ మంచే, తెల్లారి కమ్ముకునేదీ మంచే, హిమాలయమూ మంచే. ఆమె ప్రతి శనివారం రాత్రి ఫోన్లో రకాలు చెబుతుంటే నేను మన మాటల్లోకి మార్చుకుంటూ వినేదాన్ని.

రాత్రంతా మిషన్లు దున్నిన మంచు పొద్దున్నే దువ్వెనతో గీసినట్టు సన్నటి చాళ్ళతో ఉంటుందట. దాని మీద స్కీబోర్డు హాయిగా తిరుగుతుంది, కానీ వేగం పెరిగితే పొట్టి పలక కదా, పాదాల కింద వణుకుతుంది. ఎండ తగలని చోట అదే మంచు గాజులా గట్టిపడుతుంది. అక్కడ పలక అంచు కోసుకుని పట్టాలి, పట్టకపోతే నడుం మీద పడటమే. మధ్యాహ్నానికి ఎండకి కరిగి, మన రోహిణికార్తెలో పుల్ల ఐసు ఫ్రిజ్ బయట పెట్టినట్టు ముద్దముద్దగా అవుతుంది. జనం తిరిగి తిరిగి మలుపుల దగ్గర మంచు కుప్పలుపడి బోర్లించిన కుండల్లాంటి దిబ్బలు లేస్తాయి. పొడుగు స్కీలవాళ్ళు తిప్పలేక అవస్థ పడే ఆ దిబ్బల మధ్య పొట్టి పలకలు చకచకా తిరుగుతాయట. అక్కడ మాత్రం ఆటబొమ్మ అన్నవాళ్ళు పక్కకి నిలబడి చూస్తారు.

కొత్తగా పడ్డ పొడిమంచు వేరే సంగతి. పలక చిన్నది, మనిషి బరువుకి దిగిపోతుంది. ముందుకి వంగితే కొస కూరుకుపోయి బోర్లా పడతారు, మరీ వెనక్కి వాలితే కూలబడతారు. పొడుగు స్కీకి ముందూ వెనకా ఆసరా ఉంటుంది, దీనికి ఆ ఆసరా తక్కువ. సరిగ్గా పాదాల మధ్యనే బరువు నిలపాలి. చదునైన చోట కర్రలుండవు కాబట్టి స్కేటింగులా కాళ్ళతో తోసుకుంటూ పోవాలి. ఆ మొదటి నెల రోజూ పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయేదట.

జనవరిలో ఆమె పంపిన వీడియో అత్తయ్యకి చూపించాను. చూసి చూసి, "మోకాళ్ళు బిగబట్టింది. వదులుగా వంచమను, అప్పుడు పడదు" అంది. మా అత్తయ్య కాపురానికొచ్చిన కొత్తలో వానాకాలం నల్లరేగడిలో గట్టు మీద నడిచి, నెత్తిన అన్నం గంపతో మిరప చేలోకి వెళ్ళేది. రేగడి తడిస్తే ఒక అడుగు జారుతుంది, రెండో అడుగు దిగబడుతుంది. పలనాడులో పొలం పనికి వెళ్ళిన ఏ ఆడమనిషికైనా ఆ నడక తెలుసు. ఎవరూ దాన్ని ఆట అనలేదు, వయసూ అడగలేదు. గంపలో మగవాళ్ళ అన్నం ఉంది కదా మరి. అత్తయ్య మాట నేను ఫోన్లో చేరవేశాను. స్కూల్లో నేర్పే మాస్టారు కూడా అదే చెప్పాడంది.

అలాగని "భయపడకండి అమ్మా, దూకెయ్యండి" అని రాసే రకాన్ని కాను నేను. భయపడాల్సినవి ఉన్నాయి. చాలా స్కీబోర్డులకి బూటుని గట్టిగా పట్టేసే కట్టులే వస్తాయి, పడ్డప్పుడు ఊడి రావు. పొడుగు స్కీలకి ఊడే కట్టులుంటాయి. వీటితో మోకాలి దెబ్బలు తక్కువే గానీ, బూటు పైన కాలి ఎముక విరగడం ఎక్కువని స్కీ గాయాలు చూసే డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. పార్కులోనే తిరిగినా ఇది ఉంటుంది. డబ్బు ఎక్కువైనా ఊడే కట్టులున్నవే కొనుక్కోమని నేను పట్టుబట్టాను. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. పార్కు దాటడం వేరు, తాడు దాటడం వేరు. కొండ చుట్టూ హద్దు తాడు కట్టి ఉంటుంది. తాడు లోపల వాలులకి గుర్తులుంటాయి, ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చదరం మధ్యస్తం, నల్ల వజ్రం కష్టం. ప్రమాదం ఉన్న చోట్లని కాపలా దళం మూసేస్తుంది. తాడు బయట మంచుచరియలు. కొలరాడోలో వాటి గురించి రోజూ సూచన ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ కేంద్రమే ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు కూరుకుపోతే జాడ చెప్పే యంత్రం, పార, పొడుగాటి కడ్డీ పట్టుకుని, అవి వాడటం నేర్చుకుని వెళతారు. అది ఇప్పుడు ఆమె పని కాదు. లోపల కూడా చెట్ల మధ్యకి ఒంటరిగా వెళ్ళకూడదు. కొమ్మల కింద మొదలు చుట్టూ మెత్తటి మంచు గుంటలు ఉంటాయి, తలకిందులుగా పడితే ఊపిరాడదు, పక్కన మనిషి ఉండి లాగాలి. కొండకి మన నేర్పుతో పని లేదు. నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కినవాడు, 2015లో అండీస్ పర్వతాల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు.

జాగ్రత్త అంటే నా లెక్కలో ఇది. ఏ నేల మీద ఏం జరుగుతుందో తెలుసుకుని వెళ్ళడం. ఇంట్లో కూర్చోబెట్టడానికి కూడా మనవాళ్ళు జాగ్రత్త అనే మాటే వాడతారు, అందుకే ఆ మాట వింటే నాకు కాస్త అనుమానం.

మాలావత్ పూర్ణ సంగతి మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి, కూలి పని చేసుకునే అమ్మానాన్నల బిడ్డ, గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. ఆ పిల్లని సరాసరి మంచులోకి తోసెయ్యలేదు. ముందు భువనగిరి కోట బండ మీద ఎక్కించారు, తర్వాత డార్జిలింగ్, తర్వాత చలికాలంలో లడాఖ్. రాయి వేరు, మంచు వేరు, చలి వేరు, ఒక్కోదాని మీద విడివిడిగా నేర్చుకుంది. 2022లో డెనాలీతో ఏడు ఖండాలూ పూర్తి చేసింది. మనం ఆ అమ్మాయి ఫోటో పిల్లలకి చూపించి మెచ్చుకుంటాం. మన ఇంటి ముప్పై తొమ్మిదేళ్ళ అమ్మాయి నీలం గుర్తు వాలు దిగుతానంటే చిక్కుడుకాయలు పక్కన పెట్టేస్తాం. పరాయి పిల్ల సాహసం చూడ్డానికి బాగుంటుంది.

ఆసక్తి ఉన్నవాళ్ళకి మాత్రం ఒక మాట. మంచు మీద జారడం నేర్చుకోవడానికి అమెరికానే పోనక్కర్లేదు. కశ్మీర్లో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉన్నాయి, చలికాలంలో కోర్సులు నడుపుతారు. మనాలీ దగ్గరి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచింది, అంతర్జాతీయ స్కీ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం. అక్కడ స్కీబోర్డులు దొరకడం కష్టం, మామూలు స్కీలతోనే మొదలుపెట్టాలి.

ఫిబ్రవరి చివరికి మా ఆడపడుచు నీలం వాలులన్నీ తిరిగింది. నల్ల వజ్రం ఒకటి సగం దిగి, మిగతా సగం పక్కకి జారుకుంటూ వచ్చింది. దిబ్బల దగ్గర ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టడం మానేసిందట. కాలు విరగలేదు. విరిగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదనుకోకండి, రాసేదాన్నే, కొంచెం కోపంగా.

శనివారాలు పొద్దున్నే ఆమె కొండకి వెళ్ళిపోతే వంట అన్నయ్యగారిది. మొదటి రెండు వారాలు పిజ్జాలు తెప్పించారు, మూడో వారం తాలింపు మాడ్చారు. మొన్న ఆయనే అత్తయ్యకి ఫోన్ చేశారు. గోంగూర పప్పులో గోంగూర ముందే వేస్తే పప్పు ఉడకడం లేదు అత్తయ్యగారూ, ఎప్పుడెయ్యాలి అని. అత్తయ్య ఇరవై నిమిషాలు చెప్పింది.