వేణుగోపాల్ దేవుడు కాదు, డాక్టరు

"ఆ డాక్టరు గారు దేవుడండీ!" అనడం మనవాళ్లకి బాగా అలవాటు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. నా దృష్టిలో అది పొగడ్త కాదు. ఒక మనిషి ముప్పై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న పనిని తీసుకెళ్లి మహిమల ఖాతాలో జమ చేయడం. ఒకసారి అలా జమ చేశాక మనం చేయవలసింది ఏమీ మిగలదు, ఒక దండం తప్ప.

మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడి చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ మన రాజమండ్రి మనిషి. 1942లో పుట్టారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.బి.బి.ఎస్. చదివి, అక్కడే గుండె సర్జనై, 2003లో దానికే డైరెక్టరయ్యారు. 2024 అక్టోబరు 8న చనిపోయారు. ఆయన్ని దేవుణ్ణి చేసేవాళ్లు ఒక్క తేదీల పట్టిక చూస్తే చాలు.

1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో బర్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చారు. ఆ రోగి 18 రోజులు బతికాడు. 1968 ఫిబ్రవరిలో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించారు. రోగి కొన్ని గంటలకు మించి బతకలేదు. వేణుగోపాల్ ఆపరేషన్ జరిగింది 1994 ఆగస్టు 3న. మధ్యలో 26 ఏళ్లు! ఇన్నేళ్లు ఏ దేవుడు అడ్డుపడ్డాడు?

అడ్డంకులు రెండు. మొదటిది, పరాయి అవయవాన్ని శరీరం తిప్పికొట్టడం. దీనికి మందు మంత్రాల్లోంచి రాలేదు. మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ రూపంలో వచ్చింది. 1980లలో వాడుకలోకి వచ్చింది. రెండో అడ్డంకి మన బుర్రలోనే ఉంది. గుండె ఆగితేనే చావు అనేది మన నమ్మకం. కిడ్నీ అయితే బతికున్నవాళ్లు ఒకటి ఇవ్వగలరు. గుండె ఇవ్వలేరు కదా! మెదడు శాశ్వతంగా చచ్చిపోయి, యంత్రంతో ఊపిరి నడుస్తున్న మనిషి చనిపోయినట్టేనని ఒప్పుకుంటే తప్ప కొట్టుకునే గుండె దొరకదు. అలా ఒప్పుకున్న చట్టానికి 1994 జులై 8న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నెల తిరక్కముందే వేణుగోపాల్ ఆపరేషన్ చేశారు. అంటే చెయ్యి ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఆలస్యమైంది సమాజపు ఆలోచన.

ఇంకో సంగతి. ఆ రోగి పదేళ్లకు పైగా బతికాడు. అతనికి గుండె ఇచ్చిన మనిషి ఇంటివాళ్లు ఆ దుఃఖంలో "సరే" అనకపోతే సర్జన్ ఎంతటివాడైనా ఏం చేయగలడు? ఘనతంతా దేవుడికి రాసేస్తే మొదట కొట్టుకుపోయేది వాళ్ల వంతే.

ఇక పురాణాల వాటా. 2014 అక్టోబరులో ముంబయిలో ఒక ఆసుపత్రి ప్రారంభించిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, వినాయకుడి ఏనుగు తలను మన పూర్వీకుల ప్లాస్టిక్ సర్జరీకి ఉదాహరణగా చెప్పారు. ఎదురుగా ఉన్నది డాక్టర్లు! ఓచరు లేని ఖర్చును ఏ ఆడిటరూ పాస్ చేయడు. శివుడు చేసిన ఆపరేషన్‌కి ఓచరు ఎక్కడుంది? ఆ విద్య మనకి అప్పుడే ఉంటే 1968లో పి.కె. సేన్ చేతిలో రోగి ఎందుకు పోయాడు?

వేణుగోపాల్‌ను మనిషిగా చూస్తే ఆయన లెక్కలూ చూడవచ్చు. డైరెక్టరు పదవి నుంచి తప్పించడానికి ప్రభుత్వం 2007లో ఏకంగా ఎయిమ్స్ చట్టాన్నే సవరిస్తే ఆయన కోర్టులో పోరాడారు. 2008 మేలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఇది జమ. ఆయన హయాంలోనే 2006లో ఎయిమ్స్ రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళనకు కేంద్రమైంది. అక్కడ దళిత, ఆదివాసీ విద్యార్థులపై వివక్ష ఉందని 2007లో థోరాట్ కమిటీ చెప్పింది. ఇది ఖర్చు. గుండెకు మూలకణాల చికిత్స మీద ఆయన పెద్ద ఆశలు పెట్టుకున్నారు. అది ఇప్పటికీ గుండె మార్పిడికి ప్రత్యామ్నాయం కాలేదు. మనిషి గనక ఇవన్నీ అడగవచ్చు. దేవుడికి ఆడిట్ ఉండదు. అందుకే ఆ బిరుదు ప్రమాదం.

అసలు నష్టం ఇప్పుడు చెబుతాను. 2023లో దేశమంతా కలిపి 18,378 అవయవ మార్పిడులు జరిగాయి. చనిపోయాక అవయవాలిచ్చిన దాతలు 1,099 మంది. 140 కోట్ల దేశంలో పది లక్షలకు ఒకరు కూడా లేరు. స్పెయిన్‌లో పది లక్షలకు 45 మందికి పైనే. మిగతా అవయవాలు ఎవరిచ్చినట్టు? బతికున్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. కాల్చేసే శవం మీద చెయ్యి పడకూడదని, బతికున్న ఆడమనిషి కడుపు కోస్తున్నాం. దీన్ని ఆచారం అంటారా?

మా బారిడీహ్ తెలుగువాళ్లతో ఈ మాటెత్తితే ఒకటే జవాబు: "గుండె తీసేస్తే వచ్చే జన్మలో గుండె లేకుండా పుడతారండీ." మరి సువర్ణరేఖ ఒడ్డున చితి మీద గుండెతో సహా అన్నీ బూడిదవుతున్నాయి కదా! అలా కాలినవాళ్లంతా వచ్చే జన్మలో ఏ అవయవంతో పుడతారు? నిప్పుకి ఇస్తే పుణ్యం, మనిషికి ఇస్తే పాపమా? వెన్నెముక దానం చేసిన దధీచి కథ వింటూ కళ్లు తుడుచుకునేవాళ్లే, దానపత్రం చూపిస్తే చేతులు వెనక్కి దాచుకుంటారు.

మిత్రులారా! మెదడు మరణాన్ని నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలని చట్టం చెబుతోంది. మీరు సంతకం చేసినా, ఆఖర్న మాట అడిగేది మీ ఇంటివాళ్లనే. కాబట్టి సంతకం ఒక్కటే చాలదు. ఈ రాత్రి అన్నాల దగ్గరే ఇంట్లో చెప్పండి. ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో పోయినా కళ్లు ఇవ్వవచ్చు, వైద్య కళాశాలకి దేహం ఇవ్వవచ్చు. 2020 నుంచి మా బారిడీహ్‌లోనే ఒక వైద్య కళాశాల ఉంది. పిల్లలు శరీరాన్ని చదువుకునేది పురాణాల మీద కాదు, శరీరం మీదే.

వేణుగోపాల్‌కి దండలు వద్దు, దండాలు వద్దు. ఆయన కత్తికి పని దొరికింది ఎవరో ఒక ఇంటివాళ్లు ఒప్పుకున్నందుకు. ఆ ఒప్పుకోలు మన ఇంట్లో ఉందా, లేదా? లెక్క అక్కడ తేలాలి.