ఎవరో ఒకరు ముందు నమ్మాలి

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో జీవాంజి దీప్తిని చిన్నప్పుడు కొందరు పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. ఈ పిల్లను ఏ అనాథాశ్రమంలోనో వదిలేయండని తల్లిదండ్రులకు చెప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వదల్లేదు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన బిడ్డకు తల్లి తీపి అన్నం వండిపెట్టేది.

ఆ పిల్ల 2024 మే 20న జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. మేధో వైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం దక్కిన మొదటి మనిషి ఆమె. అంతకుముందే, హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో గెలిచాక వచ్చిన డబ్బుతో ఆ కుటుంబం అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కుంది.

పతకం సంగతి దేశమంతా చెప్పుకుంది. నా మనసు మాత్రం ఆ తీపి అన్నం దగ్గరే ఆగిపోతుంది. కష్టంలో ఉన్నవాళ్లకు మనం ఉదారంగా ఇచ్చే సలహా ఒకటుంది: ‘నీ విలువ నువ్వే తెలుసుకోవాలి’. నలుగురూ వెక్కిరిస్తుంటే ఏడేళ్ల పిల్ల ఎలా తెలుసుకుంటుంది? ఆమె విలువను ముందు ఇంకొకరు నమ్మాలి. అమ్మానాన్నలు నమ్మారు. బడిలో పీఈటీ సారు ఆ కాళ్లలోని వేగం చూశారు. కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ తీసుకొచ్చి తర్ఫీదు ఇచ్చారు. తనపై తనకు నమ్మకం ఆ తర్వాతి మాట. పెద్దవాళ్ల విషయంలోనూ అంతే. కాపురం చెదిరిన ఆడమనిషి, పంట పోయిన రైతు, ఉద్యోగం పోయిన కుర్రాడు లేచి నిలబడ్డ ప్రతిచోటా వెనక ఓ మనిషి ఉంటారు.

ఇప్పుడు మేడ్చల్ దగ్గరి మన ఊరు గౌడవెల్లి సంగతి. పొలాలు ప్లాట్లయ్యాయి, బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు పెరిగాయి. ఆలుమగలిద్దరూ పనికి పోయే ఇళ్లలో, మాట ఆలస్యమైన బిడ్డను, చదువు ఎక్కని బిడ్డను పక్కింటివాళ్లు ఏమంటారోనని దాచిపెట్టే తల్లులు ఇక్కడ లేరనుకోలేం. వాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. మేడ్చల్ హైవే ఎక్కి సిటీ వైపు వెళ్తే బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసమే 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. పిల్లలను పరీక్షించి, చికిత్స, శిక్షణ ఇస్తారు. ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకూ నేర్పుతారు. రెండోది చట్టం. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా పడతాయి.

కేసుల దాకా ఎందుకు? మన వీధిలో ఒక బిడ్డకు వంకరపేరు పెట్టి పిలుస్తుంటే ఈ రోజే ఆపండి. ఆ తల్లితో పాటు బోయిన్‌పల్లి దాకా తోడు వెళ్లండి.