ఎర్రగడ్డ పేరెత్తితే తలదించుకోవాలా?

2015 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం జనంతో కిక్కిరిసిపోయింది. కొందరికి ఫిట్స్, కొందరికి ఒళ్లంతా వణుకు. ఇంకొందరు పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. కూలీనాలీ చేసుకునేవాళ్లు, వయసు మీరినవాళ్లు, ఆడవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లు ఎక్కువ తాగి ఆసుపత్రికి రాలేదు, తాగడానికి దొరక్క వచ్చారు. కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం కావడంతో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లు ఉన్నపళంగా కరువైంది. ఆ మత్తుమందులకు ఏళ్లుగా అలవాటుపడిన శరీరం ఎదురు తిరిగింది.

2020 మార్చి ఆఖర్లో, లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే, అదే ఆసుపత్రి ముందు మళ్లీ అదే దృశ్యం. ఆ ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. సరదా కోసం ఎవరూ శానిటైజర్ తాగరు.

ఈ మనుషులంతా అంతకు ముందు రోజు దాకా మన మధ్యే ఉన్నారు. దుకాణం మూతపడేదాకా వాళ్లు రోగులన్న సంగతి ఎవరికీ పట్టలేదు, చాలామంది విషయంలో వాళ్లకే తెలియదు. తెలిసినవాళ్లూ బయటపడలేదు. ఎలా పడతారు? ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది హైదరాబాద్‌లో తిట్టు. విశాఖలో ఆ పని చినవాల్తేరు పేరు చేస్తుంది. వైద్యం దొరికే చోటు పేరునే మనం తిట్టుగా మార్చుకున్నాక, ఆ గేటు దాటి లోపలికి రమ్మంటే ఎవరికి కాళ్లాడతాయి?

తెలుగునాట మద్యం మీద చర్చ తక్కువేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలింపు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024లో తిరిగి ప్రైవేటుకు వచ్చాయి. దూబగుంట ఆడవాళ్ల పోరాటాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు కూడు కోసం, ఒంటి మీద దెబ్బ పడని రాత్రి కోసం పోరాడారు. కానీ ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో పాలకుల చర్చంతా దుకాణం చుట్టూనే తిరిగింది: తెరవాలా, మూయాలా, ఎవరు నడపాలి, ఖజానాకు ఎంత. మానాలనుకున్న మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న మాత్రం ఎన్నికల సభల్లో వినిపించదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్ల మంది అని అది తేల్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. వైద్యులు, పడకలు చాలకపోవడం ఇందుకు ఒక కారణం. సగం కారణం మాత్రం నామోషీయే అనిపిస్తుంది. కూతురి సంబంధం తప్పిపోతుందని తండ్రి, ఉద్యోగం పోతుందని కొడుకు, పుట్టింట్లో తలెత్తుకోలేనని కోడలు నోరు విప్పరు. ఆడమనిషికే అలవాటుంటే ఇక చెప్పనక్కరలేదు, ఆ ఇంటి తలుపులు పూర్తిగా మూసుకుంటాయి.

ఈ మౌనం మీదే ఒక వ్యాపారం నడుస్తోంది. ‘తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి’ అనే ప్రకటనలు గోడల మీదా ఫోన్లలోనూ కనిపిస్తూనే ఉంటాయి. ఆ పొడిలో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరాం అనే మందుంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు అది. భర్తను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం కన్నా అతని కంచంలో తెలియని పొడి కలపడమే సులువని ఒక ఇల్లాలికి అనిపించిందంటే, ఆ తప్పు ఆమెది కాదు.

‘ఎన్నిసార్లు మాన్పించినా మళ్లీ మొదలెట్టాడు, ఇక బాగుపడడు’ అన్నది మరో తీర్పు. అమెరికాలో 2000లో వైద్య పరిశోధకులు కొందరు మాదకద్రవ్యాల వ్యసనాన్ని ఇతర దీర్ఘవ్యాధులతో పోల్చి చూశారు. చికిత్స తర్వాత వ్యసనం తిరగబెట్టేది 40 నుంచి 60 శాతం మందిలో. రక్తపోటు, ఆస్తమా రోగుల్లో ఆ లెక్క 50 నుంచి 70 శాతం. బీపీ మళ్లీ పెరిగిన మేనమామకు మాత్ర మార్చమని చెబుతాం, అతని మొహం చూడనని ఒట్టు పెట్టుకోం. మళ్లీ గ్లాసు పట్టిన బావమరిదికి ఆ పాటి ఓపిక దక్కదు.

డబ్బుంటే పరువు సమస్య రాదనుకుంటే పొరపాటు. మద్రాసులో పేరున్న టీటీకే కుటుంబానికి చెందిన టి.టి. రంగనాథన్ మద్యానికి బానిసై చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆయన భార్య శాంతి రంగనాథన్ ఆ విషయాన్ని గుండెపోటు అనో మరొకటనో కప్పిపుచ్చలేదు. 1980లో భర్త పేరుతోనే వ్యసన చికిత్సా కేంద్రం తెరిచారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ బోర్డు మీద పేరు రాయించడానికి ఆ రోజుల్లో ఎంత గుండెధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

చట్టం ఆ ధైర్యానికి దన్నుగా నిలవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులనూ మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. శరీర రోగాలకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలంది. కానీ బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో 12వది మద్యపాన వ్యసనానికీ, దాని పర్యవసానాలకీ చికిత్స ఖర్చు ఇవ్వనక్కర్లేదనేదే. ఫలితం వార్డులో కనిపిస్తుంది. కాలు విరిగి చేరిన మనిషికి రోజూ తాగే అలవాటుందని ఇంటివాళ్లు డాక్టరుకు చెప్పరు, క్లెయిము పోతుందన్న భయంతో. రెండో రోజో మూడో రోజో అతను మంచం దిగి పరిగెత్తబోతాడు, లేనివి కనబడుతున్నాయంటాడు. ముందే చెప్పి ఉంటే తేలిగ్గా ఆపగలిగిన స్థితి, అప్పటికి ప్రాణాపాయం దాకా వెళుతుంది. ఆ 12వ మినహాయింపును ఎత్తేయాలి.

మరో పనికి పైసా ఖర్చు లేదు. మద్యపానం ఆరోగ్యానికి హానికరమని, తాగి బండి నడపొద్దని సీసాల మీద 2019 నుంచి తప్పనిసరిగా ముద్రిస్తున్నారు. ఆ హెచ్చరికలో ఫోన్ నంబరు పెట్టాలన్న నిబంధన లేదు. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, ఇందులో తెలుగులోనే మాట్లాడొచ్చు. సాయం కావాల్సిన మనిషి రోజూ చేతిలో పట్టుకునే కాగితం ఆ సీసా లేబులే. ఈ నంబర్లు ముందు అక్కడికి చేరాలి.