మత్తు డాక్టరుకి మన మందులు మనమే చెప్పాలి

ఆపరేషనంటే మన ఇళ్లలో ఎంత హడావుడో చెప్పక్కర్లేదు. పంచాంగం చూస్తారు, వర్జ్యం లేని వేళ పెట్టించుకుంటారు. సర్జన్ హస్తవాసి ఎలాంటిదని పదిమందినీ వాకబు చేస్తారు. ఆస్పత్రిలో రాత్రిపూట ఎవరుండాలి, ఇంట్లో వంట ఎవరు చూడాలి... అన్నీ ముందే తేల్చుకుంటారు. మత్తు ఇచ్చే డాక్టరెవరని మాత్రం అడగరు. ఆ డాక్టరుకి ఏం చెప్పాలన్నది అసలే ఆలోచించరు. బల్ల మీద ఉన్నంతసేపూ మన ఊపిరి ఉండేది ఆ డాక్టరు చేతిలోనే!

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? మన ఇంట్లో మందుల డబ్బా మారిపోయింది కాబట్టి. సెమాగ్లుటైడ్ మాత్ర రైబెల్సస్ పేరుతో 2022లో మన దేశానికొచ్చింది. వారానికోసారి చేసుకునే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ 2025లో వచ్చాయి. షుగరుకని కొందరు, బరువు తగ్గాలని కొందరు వాడుతున్నారు. డాక్టరు చూసి ఇస్తే అవి మంచి మందులే. వాటిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు.

అయితే వీటికో గుణం ఉంది. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటానికి ఇదీ ఒక కారణం. ఆపరేషనుకి ముందు మామూలుగా భారీ భోజనమైతే 8 గంటలు, తేలిక టిఫినైతే 6 గంటలు, మంచినీళ్లయితే 2 గంటలు ఆగాలంటారు. ఈ మందులు వాడేవారికి ఆ లెక్క తప్పొచ్చు. రాత్రి తిన్న పెరుగన్నం తెల్లారి కూడా కడుపులోనే ఉండిపోవచ్చు. పూర్తి మత్తులో దగ్గు, గుటక పనిచేయవు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అరుదే, కానీ జరిగాక చేయగలిగేది తక్కువ.

ఈ ప్రమాదాన్ని డాక్టర్లు నేర్చుకున్నదే ఆడవాళ్ల కాన్పుల నుంచి. 1946లో న్యూయార్క్ డాక్టరు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు చూసి, 66 మందికి మత్తులో ఇలా జరిగిందని రాశారు. ఇవాళ మనల్ని ఖాళీ కడుపుతో రమ్మనడం వెనక ఆ తల్లుల కష్టం కూడా ఉంది.

మరి మందు మానేస్తే సరిపోదా? అంత తేలిక కాదు. 2023 జూన్‌లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం వారం ఇంజెక్షనైతే వారం ముందు, రోజూ వేసుకునేదైతే ఆ రోజు ఆపమంది. 2024 అక్టోబరులో అక్కడి వైద్య సంఘాలు కలిసి, చాలామంది ఆపక్కర్లేదు, మనిషిని బట్టి నిర్ణయించాలన్నాయి. మందు కొత్తగా మొదలుపెట్టి డోసు పెంచుతున్నవారికి, వికారం, వాంతులు, మలబద్ధకం ఉన్నవారికి ముప్పు ఎక్కువన్నాయి. అలాంటివారిని ముందు 24 గంటలూ ద్రవాహారమే తీసుకోమనొచ్చు. కడుపు ఖాళీ అయిందో లేదో స్కానింగ్‌లో చూడొచ్చు. ఇదంతా డాక్టరు తేల్చాల్సిన పని. పక్కింటి పిన్నిగారు చెప్పారని మనమే మానేయకూడదు. సెమాగ్లుటైడ్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. ముందురోజు మానితే ఒరిగేదేమీ లేదు.

ఇంకో రకం షుగరు మాత్రలున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. వీటిని ఆపరేషనుకి కనీసం 3 రోజుల ముందు ఆపాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. ఆపకుండా పస్తుంటే రక్తంలో ఆమ్లాలు పెరిగి మనిషి కుప్పకూలొచ్చు. అప్పుడు షుగరు పెద్దగా పెరగకపోవచ్చు కూడా. మిషన్లో 160 చూసి ‘ఫర్వాలేదులే’ అనుకుంటే మోసపోతాం. పైగా ఇవి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగానూ వస్తాయి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది తప్ప మనకి తెలియదు. ఇన్సులిన్ సంగతి వేరు. దాన్ని ఎవరికివారు అసలు మానకూడదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఇవన్నీ మత్తు డాక్టరుకి ఎవరు చెబుతారు? సూర్యారావుపేటలో ఏ ఆస్పత్రి వరండాలోనైనా కాసేపు కూర్చోండి. గుడివాడ నుంచో, అవనిగడ్డ నుంచో వచ్చినావిడ బల్ల మీద కూర్చునుంటుంది. ఫైలు భర్త చేతిలో, జవాబులు కొడుకు నోట్లో. ‘ఏం మందులు వాడుతున్నారమ్మా?’ అని ఆవిణ్ణే అడిగినా, ‘షుగరు మాత్రలండీ’ అని పక్కనుంచి ఆయనగారు అనేస్తారు. అక్కడితో సరి.

బరువు తగ్గే ఇంజెక్షనైతే మరీ రహస్యం. పెళ్లి కుదరాలని వాడే అమ్మాయి, అత్తగారికి తెలియకుండా వాడే కోడలు... అందరి ముందూ అడిగితే ఏం చెబుతారు? లావుంటే ఓ మాట, తగ్గడానికి మందు వాడితే ఇంకో మాట అనే లోకం నోరు నొక్కుతుంటే, తప్పు ఆ పిల్లదెలా అవుతుంది?

మా వీధిలో ఒకావిడ గాల్‌బ్లాడరులో రాళ్లకి ఆపరేషనుకి వెళ్లింది. తీరా థియేటరు దగ్గర తనే ‘వారం ఇంజెక్షను కూడా చేసుకుంటున్నానండీ’ అంది. మత్తు డాక్టరు ఆపరేషను వాయిదా వేశారు. ‘నోరు మూసుకునుంటే ఈపాటికి అయిపోయేది’ అని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారట. నేనైతే ఆవిడ చేసిందే సరైన పనంటాను. ఆపరేషను వాయిదా పడితే పోయేది బస్సు చార్జీలు, రెండ్రోజుల సెలవు. అంతే కదా!

ఆస్పత్రుల బాధ్యత లేదా? తప్పకుండా ఉంది. మత్తు డాక్టరు ముందురోజు సాయంత్రం వచ్చి చూస్తే 3 రోజుల ముందు ఆపాల్సిన మాత్ర ఎప్పుడు ఆపుతారు? తేదీ ఖాయం చేసిన రోజే చూడాలి. ఫారం తెలుగులో ఉండాలి. అందులో ‘బరువు తగ్గడానికి ఏదైనా వాడుతున్నారా’ అన్న ప్రశ్న విడిగా ఉండాలి. ఆడమనిషిని ఒంటరిగా ఓ ఐదు నిమిషాలు అడగాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

1888, 1889లలో మత్తు ఎలా ఇస్తే క్షేమమో తేల్చడానికి నిజాం ఖర్చుతో హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరని చెప్పే రూపాబాయి ఫర్దూంజీ ఆ పరిశోధనల్లో పాల్గొన్నారు. ఆనాడు మత్తు ఇచ్చే వైపు ఆడది నిలబడగలిగితే, ఇవాళ మత్తు పుచ్చుకునే వైపున్న మనం మందు పేరు చెప్పలేమా?

అందుకే నా మనవి. ఎండోస్కోపీకిచ్చే కొద్దిపాటి మత్తయినా, నడుముకిచ్చే ఇంజెక్షనయినా తేలిగ్గా తీసుకోకండి. వాడే మందుల అట్టలు, ఇంజెక్షను పెన్ను డబ్బాతో సహా ఒక కవర్లో వేసుకెళ్లండి. ఆఖరి డోసు ఏ రోజు వేసుకున్నారో, వికారంగా ఉందో లేదో చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే, ‘డాక్టరుగారూ, మీతో విడిగా మాట్లాడాలి’ అనండి. ఆ మాటకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.