ఎత్తుపీటపై నిలిచిన బాలిక

ఆంగ్ల రచయిత్రి షార్లట్ బ్రాంటీ నవల 'జేన్ అయిర్' 1847లో వెలువడెను. అందలి నాయిక ధైర్యమును మెచ్చుకొనువారు, ఆమె తన్ను పీడించిన మేనమామ భార్య శ్రీమతి రీడును ఎదిరించి మాటాడిన ఘట్టమునే తరచుగ పేర్కొందురు. కాని అప్పుడామెకు కోపమే బలమిచ్చినది. లోవుడ్ పాఠశాలలో పదేండ్ల ఆ అనాథకు ఎదురైన పరీక్ష అంతకంటె కఠినమైనది. అచ్చట ఆమెకు మారుమాటాడు అవకాశమే లేదు.

పాఠశాలాధికారి బ్రాకిల్‌హర్‌స్ట్ తనిఖీకి వచ్చిన దినమున జేన్ తన ముఖమునకు పలక అడ్డుపెట్టుకొని కూర్చుండెను. పలక చేజారి పగిలెను. ఎనుబదిమంది బాలికలున్న ఆ గదిలో చూపులన్నియు ఆమెపై పడినవి. అధికారి ఆమెను మిగుల ఎత్తైన పీటపై నిలిపించి, శ్రీమతి రీడు మాటలను నమ్మి, ఈమె అబద్ధాలకోరు, ఈమెతో ఎవరును చెలిమి చేయరాదని చాటెను. ఇంకొక అరగంట అట్లే నిలువవలెననియు, ఆ దినమెల్ల ఎవరును ఆమెతో పలుకరాదనియు ఆజ్ఞాపించి వెడలిపోయెను. నిరాడంబరత కొరకు బాలికల జుట్టు కత్తిరింపుమనిన ఆ పెద్దమనిషి భార్యయు కుమార్తెలును పట్టు, మఖమలు వస్త్రములతో, ఉంగరముల జుట్టుతో ఆ గదిలోనే కూర్చుండి ఇదంతయు చూచుచుండిరి!

జేన్‌కు ఊపిరాడలేదు. అంతలో హెలెన్ బర్న్స్ అను బాలిక లేచి, పీట ప్రక్కగా పోవుచు కన్నులెత్తి ఆమెను చూచెను. జేన్ పొంగివచ్చు దుఃఖము నణచుకొని, తలయెత్తి స్థిరముగా నిలిచెను. హెలెన్ ఏదో చిన్న సందేహ మడిగి ఉపాధ్యాయినిచేత చీవాట్లు తిని, మరలి వచ్చుచు చిరునవ్వు నవ్వెను. అప్పుడామె చేతికిని శిక్షగా కట్టిన గుర్తొకటి యుండెను.

ఒకరి చూపువలన కలిగినది సొంత ధైర్యమెట్లగునని కొందరు శంకింపవచ్చును. చూచినది హెలెన్ యైనను, తలయెత్తవలసినది జేనే గదా! అందరును వెళ్లిన పిమ్మట ఆమె నేలపై కూలబడి వెక్కివెక్కి ఏడ్చినమాట నిజమే. అది ఆ అరగంట విలువను తగ్గింపదు. ఆమె ఎంత బరువు మోసినదో చూపును.

ఆ సాయంకాలమే టెంపుల్ అను ప్రధానోపాధ్యాయిని అడుగగా, జేన్ తన కథను కోపము కలుపక, ఉన్నదున్నట్లు చెప్పెను. వెనుక శ్రీమతి రీడు నెదిరించిన పిల్లకు ఇది సులభమైన పని కాదు. ఆ ఉపాధ్యాయిని, జేన్ నెరిగిన లాయిడ్ అను వైద్యునికి ఉత్తరము వ్రాసి నిజము తెలిసికొనెను. సుమారు వారము తరువాత ఆమె పాఠశాలనంతయు సమావేశపరచి జేన్ నిర్దోషియని ప్రకటించెను. నాడు నోరు మెదపని బాలికల వరుసలలో ఆ మాట వినగానే సంతోషపు గుసగుసలు బయలుదేరినవి.